హైనాకి ముద్దుపేరు

మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక కింద హాల్లో భోజనాలు పెడతారు. పేపర్ ప్లేట్లలో అన్నం, కోడికూర పట్టుకుని కుర్రాళ్ళు నా బల్ల దగ్గర చేరతారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అంకుల్, మీ టైమ్‌లో గ్రీన్‌కార్డ్ చాలా ఈజీ అంట కదా?"

"అవును బాబూ, ఈజీయే," అని పెరుగు గిన్నె ఇటు జరపమంటాను. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు చర్చి వార్షికోత్సవ సంచికకి నా ఉద్యోగ అనుభవాలు రాయమంటున్నారు. "యూత్‌కి ఇన్‌స్పిరేషన్‌గా ఉండాలంకుల్" అని షరతు కూడా పెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. అందులో ఇన్‌స్పిరేషన్‌కి పనికొచ్చేది ఎంత గాలించినా గుప్పెడు దొరకదు. ఒక సంగతి మాత్రం ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. అదే రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చింపి పారెయ్యండి, నేనేమీ అనుకోను.

మాది బందరు. జువాలజీ చదివాను. ఆ చదువుకి మన దగ్గర కాలేజీలో కప్పల్ని కోసి చూపించే ఉద్యోగం దొరికేది, అమెరికాలో అదీ దొరకలేదు. డెబ్భైల చివర్లో ఇక్కడ రెండో ఎమ్మెస్ చేసి, ఎన్నో చోట్ల అప్లై చేస్తే, మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరి జూలో పని దొరికింది. ఆ జూ ఇప్పుడు లేదు. ఆ స్థలంలో షాపింగ్ మాల్ కట్టారు. అదీ మూతపడిందని విన్నాను.

నా పని బోర్డులు రాయడం. జంతువు ముందు నిలబడి మీరు రెండు క్షణాలు చూసి వదిలేస్తారే, ఆ బోర్డులు. అప్పట్లో ఆ జూలో ఆఫ్రికా మైదానం పేరుతో కొత్త విభాగం కడుతున్నారు. దానికి మా డైరెక్టరు ఒక ఆలోచన చేశాడు. ప్రతి బోర్డు మీదా నాలుగు గడులు ఉండాలి. మొదటి గడిలో ఇంగ్లీషు పేరు, రెండో దాంట్లో శాస్త్రీయ నామం, మూడో దాంట్లో ఆ జంతువు తిరిగే దేశాల భాషల్లో దాని పేర్లు, నాలుగో దాంట్లో అక్కడి జనం దాన్ని ముద్దుగా ఏమని పిలుచుకుంటారో ఆ మాట.

మూడో గడి కోసం చేసిన పనంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు. యూనివర్సిటీలకి ఉత్తరాలు రాశాను. పాతకాలపు మిషనరీలు కూర్చిన నిఘంటువులు తెప్పించుకున్నాను. ఒక్కో జంతువుకి ఒక్కో అట్టముక్క, దాని మీద భాష, పేరు, ఎక్కడ దొరికిందో ఆ పుస్తకం. స్వాహిలీలో జీబ్రాని చారల గాడిద అంటారు. హౌసా వాళ్ళకి జిరాఫీ అంటే అడవి ఒంటె. జులూ భాషలో చెట్లని మించిపోయేదని ఒక పేరు ఉంది. మనం నీటిగుర్రం అనేదాన్ని దక్షిణాన స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్ళు సముద్రపు ఆవు అన్నారు. దాన్ని ఎటు నుంచి చూసినా ఆవూ కనపడదు, గుర్రమూ కనపడదు. సాయంత్రం ఇంటికెళ్ళి ఇవన్నీ మా ఆవిడకి చెబితే, "జీతం మాత్రం పెంచరు," అనేది.

ఇబ్బంది అంతా నాలుగో గడితో వచ్చింది. పుస్తకాల్లో పేర్లున్నాయి, ముద్దుపేర్లు లేవు. అవి మనుషుల నోట్లో ఉంటాయి. అలాంటి మనిషి మా జూలోనే ఒకాయన ఉన్నాడు.

తూర్పు ఆఫ్రికా నుంచి ఓడలో జిరాఫీలని పంపితే, వాటిని దారిలో చూసుకోవడానికి వాటితో పాటు వచ్చి, ఇక్కడే ఆగిపోయినవాడు. జిరాఫీలని కొన్నాళ్ళు క్వారంటైన్లో పెట్టారట. "నన్నూ పెట్టేవాళ్ళే, నాకు సరిపడా గడ్డి లేక వదిలేశారు," అనేవాడు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. జూ ఉన్న ఊళ్ళోనే యూనివర్సిటీ ఉండేది. అక్కడ చదువుకునే ఆ దేశపు పిల్లలు, కాపురాలు ఉన్నవాళ్ళు ఆయన్ని తమ భాషలో పెద్దాయన అని పిలిచేవారు. వాళ్ళలో పెళ్ళి జరిగినా, ఇంటి నుంచి చావు కబురు వచ్చినా ముందు ఆయనకే చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆయన ఇంట్లోనే తినేవారు. ఆయనకి ఇక్కడ భార్యాబిడ్డలు లేరు, ఉన్న బలగమంతా ఆ ఇరవై మందే. నేనూ పెద్దాయనా అనే పిలిచేవాణ్ణి. మా ఇంటికి రెండుసార్లు వచ్చి చేపల పులుసు తిన్నాడు. మా ఆవిడ కొసరి వడ్డిస్తే వద్దనలేదు.

మేమిద్దరం మాట్లాడుకుంది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

జంతువుల కొట్టంలో ఆయన గడ్డి విదిలిస్తుంటే నేను అట్టముక్కలు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. స్వాహిలీ పేరు ఒకటి, తన సొంత భాషలో పేరు ఒకటి చెప్పేవాడు. ఆయన సొంత భాష చిన్నది, ఏ నిఘంటువులోనూ లేదు. ఒక రోజు విల్డెబీస్ట్ దగ్గరికొచ్చాం, పొడవాటి మొహంతో దున్నలా ఉంటుందే, అది. స్వాహిలీలో న్యుంబూ అన్నాడు.

"న్యుంబూ అంటే అర్థం ఏమిటి పెద్దాయనా?"

"న్యుంబూయే."

"అది కాదు. దాని వెనక కథేదైనా ఉందా?"

ఆయన గడ్డి విదిలించడం ఆపాడు. "మీ ఇంట్లో పిల్లిని ఏమంటారు?"

"పిల్లి."

"దాని వెనక కథేమిటి?"

నేను నవ్వాను. డైరెక్టరుకి చెబితే ఆయన నవ్వలేదు. "జనం డబ్బులిచ్చి వచ్చేది కథ కోసం. గడి ఖాళీగా ఉంటే బోర్డు పన్ను ఊడినట్టుంటుంది. ఏదో ఒకటి తీసుకురా," అన్నాడు.

ఏదో ఒకటి తీసుకురావడానికి నేను ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు, బందరు చాలు. మా ఊళ్ళో నిక్‌నేమ్ లేని మనిషి ఉండడు. అందులో మా మేనమామ దిట్ట. అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ప్రతివాడికీ ఒక పేరు పెట్టేవాడు. ఎప్పుడూ మొహం వేలాడేసుకుని తిరిగే ఒక మోతుబరిని కోర్టు వాయిదా అనేవాడు. ఆ మొహం నాకు విల్డెబీస్ట్‌లో కనిపించింది. "కోర్టు వాయిదాకి వచ్చినవాడు" అని నాలుగో గడిలో రాశాను. తోక నిటారుగా ఎత్తి పరిగెత్తే అడవిపందికి "పెళ్ళికి ఆలస్యమైన వియ్యంకుడు" అని పెట్టాను. డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అద్భుతం! ఆ జనానికి ఎంత హాస్యం!" అన్నాడు.

అది బందరు హాస్యమని నేను చెప్పలేదు. మా మామ హాస్యం ఖండాలు దాటిందని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. సిగ్గులేనితనం అంటే అదే.

పెద్దాయనకి ఈ సంగతి తెలియదు. ఆయన చెప్పిన పేర్లు మూడో గడిలో ఉంటాయని మాత్రమే తెలుసు.

చివరికి హైనా వచ్చింది. తెలుగులో దుమ్ములగొండి అంటారు గానీ, ఆ మాట నేను పుస్తకంలో తప్ప బందరులో ఎవరి నోటా వినలేదు. పెద్దాయన స్వాహిలీ పేరు చెప్పాడు. మీ భాషలో పేరు, ముద్దుపేరు ఏమిటంటే చేతిలో గడ్డి కింద పెట్టాడు.

"దాని అసలు పేరు మేం ఊరికే పలకం. అది రాయొద్దు. ముద్దుపేరంటూ ఏమీ లేదు. దాని మీద మేం జోకులెయ్యం. ఆ బోర్డు వరకూ ఖాళీగా వదిలెయ్యి."

"ఎందుకని?"

"తీరిగ్గా చెప్తాను. ముందు ఖాళీగా వదిలెయ్యి."

మళ్ళీ నేను అడగలేదు. ఇది నాకు కొత్త విషయమా అంటే కాదు. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. అయినా దీపాలు పెట్టాక పాము అన్న మాట అంటే మా అమ్మమ్మ నోటి మీద కొట్టేది, పురుగు అనాలి. పేరుకి ఎంత బరువుంటుందో నేను పుట్టిన ఇంట్లోనే తెలుసు. తెలిసి కూడా ఖాళీగా వదల్లేదు.

ఎందుకు వదల్లేదో చెప్పాలి. అప్పుడే నా గ్రీన్‌కార్డ్ ఫైలు కదులుతోంది. ఈ ఉద్యోగానికి ఇతను తప్ప ఇంకొకరు పనికిరారని డైరెక్టరు ఉత్తరం ఇవ్వాలి. లాయరు డ్రాఫ్ట్ పంపాడు. అది డైరెక్టరు బల్ల మీద సంతకం కోసం ఉంది. వీసా గడువు దగ్గర పడుతోంది. మా ఆవిడకి ఏడో నెల. బోర్డులు ప్రింటుకి వెళ్ళే రోజు డైరెక్టరు నా గది గుమ్మంలో నిలబడి, "హైనా ఒక్కటే మిగిలింది, సాయంత్రంలోగా ఇవ్వు," అని వెళ్ళాడు. ఖాళీగా ఉండాలట అని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అంటే ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే కోప్పడేవాడు కూడా కాదేమో.

బందరులో ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా పిలవకపోయినా వచ్చి, పంక్తిలో ముందు కూర్చుని, మారు వడ్డించమనే ముసలాయన ఒకడుండేవాడు. మా మామ ఆయనకి పెట్టిన పేరు ఇంగ్లీషు చేసి రాసిచ్చాను. "పిలవని విందుకి వచ్చిన తాతయ్య."

బోర్డులు తయారయ్యాక డైరెక్టరుకి ఇంకో ఆలోచన వచ్చింది. విభాగం మొదట్లోనే పెద్దాయన ఫొటో పెట్టి, ఈ పేర్లన్నీ చెప్పింది అక్కడి నుంచి వచ్చిన మా ఉద్యోగి అని రాయించాడు. ఫొటో తీస్తామంటే పెద్దాయన మూడో గడి గురించి అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నిలబడ్డాడు. నేను కెమెరా పక్కనే ఉన్నాను.

ప్రారంభం రోజున పెద్దాయనకి సెలవిచ్చారు. కోటు వేసుకుని, తన వాళ్ళలో వీలైనవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. పన్నెండు మంది దాకా ఉన్నారు. ఒక విద్యార్థి తల్లి కూడా ఉంది, కొడుకుని చూడ్డానికి ఆ దేశం నుంచి వచ్చిన పెద్దావిడ, ఇంగ్లీషు రాదు. ఫొటో దగ్గర అందరూ ఆగి పెద్దాయన భుజం తట్టారు. జీబ్రా దగ్గర మూడో గడి గట్టిగా చదివి చప్పట్లు కొట్టారు. నాలుగో గడి చదివి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విల్డెబీస్ట్ దగ్గర ఒకతను మర్యాదకి నవ్వాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. నేను కొంచెం దూరంలో పిల్లలకి కరపత్రాలు పంచుతున్నాను.

హైనా బోర్డు దగ్గర అందరూ ఆగిపోయారు. ఏముందని ఆ పెద్దావిడ అడిగింది. కొడుకు చెప్పడానికి ఇష్టపడలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. చెప్పాడు. ఆవిడ పెద్దాయన వైపు తిరిగి ఒక చిన్న ప్రశ్న వేసింది. ఆ భాష నాకు రాకపోయినా ఏమడిగిందో తెలిసింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆ ఫొటో ఉన్న వైపు చూపించింది. తర్వాత పైట లాంటి గుడ్డ తల మీదికి లాక్కుని గేటు వైపు నడిచింది. మిగతావాళ్ళూ ఆవిడ వెనకే వెళ్ళారు. పెద్దాయన ఒక్కడే మిగిలాడు.

ఆవిడ కొడుకు మాత్రం గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి డైరెక్టరుని కలిశాడు. గొడవ పడలేదు. ఇది మా భాషలో లేదు, ఉండదు, ఎవరు చెప్పారో కనుక్కోండి అన్నాడట. మధ్యాహ్నం డైరెక్టరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"ఇది నువ్వు చెప్పిందేనా?" అని పెద్దాయన్ని అడిగాడు.

"నేను ఖాళీగా వదలమన్నాను."

డైరెక్టరు నా వైపు తిరిగాడు. ఆయన చేతి కింద నా ఫైలుంది. కావాలని పెట్టింది కాదు, ఆ వారమంతా అక్కడే ఉంది. పెద్దాయన కూడా నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను నిజం చెబుతానని ఆయనకి ఏ అనుమానమూ లేదు. అందుకే ఎదురు చూస్తున్నాడు.

"ఆయన చెప్పిందే రాశాను సార్," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పని హడావిడిలో చెప్పాడు. ఇప్పుడు ఆయనకి గుర్తులేదేమో," అని కూడా కలిపాను.

డైరెక్టరు హమ్మయ్య అనుకున్నాడు. ఆయనకి కావలసింది సమాధానం, నిజం కాదు. పొరపాట్లు అందరికీ జరుగుతాయని పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దాయన ఆ చేతిని పట్టించుకోలేదు, నాతోనే మాట్లాడాడు.

"తీరిగ్గా చెప్తానన్నాను కదా, ఇప్పుడు విను. మా నాన్న కాలం దాకా మా ఊళ్ళో ముసలివాళ్ళు పోతే ఊరి బయట పడుకోబెట్టి వచ్చేవాళ్ళం. అది వచ్చి తీసుకెళ్ళేది. అదే మా ఖననం. మా తాతని అలాగే పంపాం. ఆవిడదీ మా వైపే, ఆవిడ తండ్రినీ అలాగే పంపారు. ఆవిడ ఏం చదివించుకుందో నీకు తెలియాలి."

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

హైనా బోర్డులో నాలుగో గడి మీద మర్నాడు రంగు పూశారు. ఫొటో తీసేశారు. విద్యార్థులకి క్షమాపణ ఉత్తరం వెళ్ళింది. మా ఉద్యోగి జ్ఞాపకం పొరబడినందుకు చింతిస్తున్నామని అందులో ఉంది. ఆ ఉత్తరం డ్రాఫ్ట్ రాసింది నేనే. బోర్డులు రాసేవాణ్ణి కదా. పెద్దాయన ఏం చెప్పుకున్నా, జూ వాళ్ళు కాగితం మీద రాసిచ్చింది ఇంకోలా ఉంది. తెల్లవాళ్ళని నవ్వించడానికి తాతల్ని అమ్మాడని ఆయన వాళ్ళలో పేరు పడిపోయింది. ఆదివారాలు ఆయన ఇంటికి అందరూ వెళ్ళడం మానేశారు. ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని అక్కడ కలుసుకోవడం మొదలుపెట్టారు. ఆయన్ని పిలవలేదు. నెల తిరక్కుండా ఆయన జూ మానేశాడు. జిరాఫీల దగ్గర కాసేపు నిలబడి వెళ్ళాడని తోటివాళ్ళు చెప్పారు.

అదే వారంలో డైరెక్టరు నా ఉత్తరం మీద సంతకం పెట్టాడు. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకి చూపించాను. చదివి, మడిచి, బైబిల్లో పెట్టింది.

"మరి ఆయనా?" అంది.

"ఏం చేస్తాం," అన్నాను.

"ఏం చేస్తాం ఏంటండీ? మన ఇంట్లో అన్నం తిన్న మనిషి," అని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత మా అమ్మాయి పుట్టింది, కార్డు వచ్చింది, జీతం పెరిగింది. మా ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. మిగతా నాలుగో గడులన్నీ అలాగే ఉంచారు. వాటిని పుస్తకంగా వేసి గిఫ్ట్ షాపులో అమ్మారు. వియ్యంకుడి పేజీ పిల్లలకి చాలా ఇష్టమని చెప్పేవారు.

శీతాకాలం మొదలయ్యాక ఒక స్కూల్లో నేలలు తుడిచే పనిలో పెద్దాయన ఉన్నాడని తెలిసి వెళ్ళాను. పిల్లలు వెళ్ళిపోయాక పొడవాటి వరండాలో ఒక్కడే ఉన్నాడు. చెప్పడానికి ఎన్నో మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. సగంలోనే ఆపేశాడు.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలియదా? వాళ్ళకి చెప్పు. ఆదివారం మూడింటికి ఆ హాల్లో అందరూ ఉంటారు. ఆవిడ కూడా ఇంకా ఇక్కడే ఉంది, వచ్చే నెల వెళ్ళిపోతుంది. నిలబడి ఒక్క మాట చెప్పు, చాలు. నీ కాగితాలకి ఏమీ కాదు. వాళ్ళు ఎవరికీ ఉత్తరాలు రాయరు."

"చెప్తాను పెద్దాయనా," అన్నాను. ఆయన తలూపి, బకెట్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

క్రిస్మస్ లోపే ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ళతో ఆయనకి మాటల్లేవు కదా.

ఆ ఆదివారం నేను వెళ్ళాను, వెళ్ళలేదనుకోకండి. టై కట్టుకుని, రెండున్నరకే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి హాలు ముందు కారు ఆపాను. ఇంజన్ ఆపలేదు, చలి. లోపల పాడుతున్నారు. వంటల వాసన బయటికి వస్తోంది. మూడైంది, మూడున్నర అయింది. తలుపు ఎన్ని అడుగుల దూరంలో ఉందో ఇప్పటికీ చెప్పగలను.

నాలుగవుతుండగా లోపలి నుంచి ఒక కుర్రవాడు బయటికొచ్చాడు. అతన్ని నేను అంతకుముందు చూడలేదు, అతనూ నన్ను చూడలేదు. కోటు లేకుండా, చేతులు రుద్దుకుంటూ వచ్చి కారు అద్దం తట్టాడు. దించాను.

"చాలాసేపటి నుంచి ఇక్కడే ఉన్నారు. దారి తప్పారా సార్?"

"అవును," అన్నాను.

"హైవేకి వెళ్ళాలా?"

"అవును."

అతను చలిలో వంగి నిలబడి నాకు దారి చెప్పాడు. ముందు గ్యాస్ స్టేషన్ వస్తుంది, అక్కడ ఎడమకి తిరగాలి, రెండో లైటు దగ్గర కుడికి. నాకు ఇంగ్లీషు సరిగా రాదేమో అనుకుని రెండోసారి నెమ్మదిగా చెప్పాడు. కొంచెం టీ తాగి వెళ్తారా, లోపల అందరూ మనవాళ్ళే అన్నాడు. వద్దన్నాను. థాంక్స్ చెప్పి అద్దం ఎత్తి కారు కదిలించాను. నేను సరైన దారిలో వెళ్తున్నానో లేదో చూడ్డానికి అతను ఆ చలిలో రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. గ్యాస్ స్టేషన్ దగ్గర ఎడమకి తిరిగాను.